చలవచొక్కా బొత్తాం

మొదటి మజిలీ, ఉప్పుటేరు గట్టు

ఈసారి దారి చిట్టా నేనే రాస్తానని పలక లాక్కున్నాను. మా ఆయన భానోజీ చేతికిస్తే ప్రతి మజిలీకీ "అంతా క్షేమం" అని రెండే మాటలు రాస్తాడు. నిరుడు చక్రం ఊడి నడినెత్తి ఎండలో పూటంతా కూలబడ్డ రోజు కూడా అవే రెండు మాటలు. పైన కొండ మీద చిట్టాలు చదివేవాళ్ళు మాది ఎంత చల్లని సంసారమో అనుకుని ఉంటారు.

నా పేరు హైమ. మంచు అని అర్థమట. పేరు పెట్టిన మా అమ్మా మంచు చూడలేదు, నేనూ చూడలేదు. మా అత్త పేరు సూరీడమ్మ. మంచుకీ సూరీడికీ పొత్తు ఎలా కుదురుతుందని పెళ్ళిలో ఎవరో అంటే అప్పుడు నవ్వాను. బండిలో మేం ముగ్గురం, మా ముత్యం. దానికి నాలుగో ఏడు నడుస్తోంది. నోరు మాత్రం నలభై ఏళ్ళది.

ఎండ ముదిరింది కాబట్టి ఊరంతా కొండెక్కుతున్నాం. బండి ఎండ తాగి నడుస్తుంది. తాగిందంతా చక్రాలకే సరిపోతుంది, లోపల చల్లగాలికి చుక్క మిగలదు. అందుకని పొద్దున్నే తొట్టెలో చలవచొక్కాలు నానబెట్టడం నా పని. చొక్కా లోపలి పూసలు సబ్జా గింజల్లా నీళ్ళు తాగి ఉబ్బుతాయి. ముత్యం చొక్కా తొడుక్కుంటే చేతులు దగ్గరికి రావు, పొట్ట పట్టుకుని దరువేసుకుంటూ తిరుగుతుంది. మా అత్త కుట్టిన చొక్కా అంత మందం ఈ బండ్ల బారులో ఇంకెవరికీ లేదు. నాయనమ్మ ప్రేమ ఎంతో చొక్కా మందం అంత అని మా వైపు మాట. మజిలీలో దిగగానే ఆవిడ ముత్యాన్ని నలుగురి మధ్యా నిలబెట్టి చొక్కా నొక్కి చూపిస్తుంది.

ఆ చొక్కా పొట్ట మీద రాగి బొత్తాం ఒకటి ఉంటుంది. తొలి చొక్కా తొడిగే రోజున నాయనమ్మే కుడుతుంది. బెల్టు బకిల్ సరిగ్గా దాని మీద పడాలి. పడితే బండికి పిల్ల చొక్కా తొడుక్కుందనీ బెల్టు పెట్టుకుందనీ తెలుస్తుంది, పచ్చ లైటు వెలుగుతుంది. పచ్చ రాకపోతే బండి కదలదు. పిల్ల ఎదిగితే చొక్కాకి అతుకులు వేస్తారు గానీ ఆ బొత్తాం కోసేది ఒక్కసారే, ఆ పిల్ల లేకుండా పోయినప్పుడు. ఇది రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు.

ఈ పొద్దున ముత్యాన్ని దాని సీట్లో కూర్చోబెట్టి, భుజాల మీది పట్టీలు రెండూ లాగి బిగించి, చిటికెతో పట్టుకుని చూశాను. భుజం దగ్గర పట్టీకి మడత రాకపోతే బిగువు సరిపోయినట్టు. సీటుని కూడా రెండు చేతులా పట్టుకుని ఊపాను, కదల్లేదు. పచ్చ వెలిగింది. "పాప భద్రం" అంది బండి. దానిది రేడియోలో వార్తలు చదివే గొంతు. బయల్దేరాం.

రెండో మజిలీ, చవిటి దిబ్బలు

ఇవాళ ఒకటి జరిగింది. ఆయనకైతే ఏమీ జరగలేదట.

పొద్దు నడినెత్తి దాటాక దారి మీదికి ఇసుక మేట ఒకటి కొట్టుకొచ్చింది. బండి దానంతట అదే గట్టిగా బ్రేకు వేసింది. వెనక సీట్లో మా అత్త రెండు చేతులా వాటేసుకుని కూర్చున్న నీళ్ళ డబ్బా ఆవిడ చేతుల్లోంచి లేచి ముందు అద్దానికి కొట్టుకుంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ముత్యం ఎడమ భుజం పట్టీలోంచి బయటికి వచ్చేసి ఉంది. నుదురు నా సీటు వీపుకి తగిలి ఎర్రగా కందింది. ఏడవలేదు, బిక్కచచ్చి నన్నే చూస్తోంది.

పచ్చ లైటు అలాగే ఉంది. "పాప భద్రం" అంది బండి.

ఆ ఎండలో, ఆ బండిలో కూర్చుని చలితో వణికాను. పట్టీ పట్టుకుని చూస్తే నా పిడికిలి దూరిపోయింది. పొద్దున మడత కూడా రాని పట్టీ అది.

ఆయనతో చెప్పాను. బండి భద్రం అంటోంది కదా, దానికి తెలియనిది నీకు తెలుసా అన్నాడు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం మా ఆయన. పచ్చగా ఏది వెలిగినా దణ్ణం పెడతాడు. మంచివాడే, కాదనను. కానీ మంచితనం పట్టీని బిగించదు కదా.

నుదుటికి పసుపు రాసి పడుకోబెట్టాను. నిద్రలో కూడా దాని భుజం మీద చెయ్యి తియ్యలేదు.

మూడో మజిలీ, ఎండిన చెరువు

పొద్దున మళ్ళీ బిగించాను. ఈసారి మా ఆయన్ని కూడా పిలిచి పట్టీ పట్టుకోమన్నాను. రాయిలా ఉందన్నాడు. పొద్దు వాలేసరికి చూస్తే పిడికిలి దూరేంత వదులు. మధ్యలో బండి ఎక్కడా ఆగలేదు.

వెనక సీట్లో ముత్యం పక్కన ఉండేది మా అత్త ఒక్కతే. నిన్నటి నుంచీ ఆవిడ గొణుగుతూనే ఉంది. గుంటని గొడ్డుని కట్టినట్టు కట్టేస్తారు, ఊపిరాడొద్దా, మా కాలంలో ఒళ్ళో పెట్టుకుని ఏడు కొండలు ఎక్కలేదా అని. నాకు నాలుకాగలేదు. నువ్వే వదులు చేస్తున్నావ్, జాలి పేరు చెప్పి నా పిల్లని చంపేస్తావ్ అన్నాను. అవును, ఆ మాటే అన్నాను. మజిలీలో పది బండ్ల వాళ్ళు విన్నారు.

ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. ముత్యం నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"ఈ గుంట మీద ఒట్టు. నాను ముట్టుకుంటే నా సెయ్యి పడిపోద్ది. నీకేటి తోస్తే అది అనీసినావ్ గానీ, దీనికంటే నాకెవులున్నారే?"

రాత్రి గంజి తాగలేదు ఆవిడ. మా ఆయన నా వంక చూడలేదు. నాకు జాలి వేసింది, కోపమూ తగ్గలేదు. ఆవిడ కాకపోతే మరి ఎవరు? ఆ ప్రశ్న అత్త మీది అనుమానం కంటే ఎక్కువ భయపెట్టింది.

నాలుగో మజిలీ, తాటితోపు

ఇవాళ అత్తని ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక కూర్చున్నాను. పొద్దున్నే పట్టీ బిగించి, దాని మీదే అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ముత్యం కథ చెప్పమంది. నక్క కథ మొదలుపెట్టాను, మధ్యలో నక్క కాస్తా కుందేలైపోయింది. ముత్యం తిట్టింది. నా ధ్యాసంతా అరచేతి కిందే ఉంది.

ఎవరూ ముట్టుకోలేదు. నేను రెప్ప కూడా వాల్చలేదు. ఎండ పైకి ఎక్కుతున్నకొద్దీ నా అరచేతి కింద పట్టీ మెల్లమెల్లగా వదులైంది. ముందు ఒక వేలు దూరింది, తర్వాత రెండు. బండిలో దెయ్యం ఉందని నమ్మేదాన్నే. భయంలో మనిషి దేన్నైనా నమ్ముతుంది.

పట్టీ లాగి మళ్ళీ బిగించాను. కాసేపటికి ముత్యానికి చెమట పడుతోందని అత్త ముందు సీట్లోంచి వెనక్కి వంగి దాని చొక్కా మీద చెంబెడు నీళ్ళు పోసింది. చూస్తూ ఉండగానే ముత్యం మొహం ఎర్రబడింది, నోరు తెరిచింది గానీ ఏడుపు బయటికి రాలేదు. పట్టీలు గుండెల మీద బిగుసుకుపోయాయి. బకిల్ నొక్కి విప్పేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్ల ఊపిరి పీల్చి గుక్కపెట్టి ఏడ్చింది.

అప్పుడు తెలిసింది. పట్టీ వదులు కావడం లేదు, చొక్కా చిక్కిపోతోంది. పొద్దున నానిన పూసలు మధ్యాహ్నానికి ఆరి పలచనవుతాయి. నీళ్ళు పోస్తే మళ్ళీ ఉబ్బుతాయి. నేను బిగిస్తున్నది పిల్లని కాదు, చొక్కాని.

సాయంత్రం మజిలీలో ఇంకో పని చేశాను. చొక్కా బాగా నానబెట్టి ముత్యానికి తొడిగి, పట్టీలు గట్టిగా బిగించాను. ఆ పట్టీల పొడవు మార్చకుండా పిల్లని దింపి, చొక్కా విప్పి, ఒట్టి నూలు గౌనుతో మళ్ళీ అదే సీట్లో కూర్చోబెట్టి బకిల్ పెట్టాను. పట్టీలకీ పిల్ల గుండెలకీ మధ్య నా రెండు పిడికిళ్ళూ పక్కపక్కన పట్టాయి. మా ఆయన్ని పిలిచి చూపించాను. బండి గట్టిగా గుద్దుకుందంటే నానిన పూసలైనా నలిగి నీరైపోతాయి, మిగిలేది ఈ ఖాళీయే అన్నాను. ముత్యం ఆ ఖాళీలోంచి చేతులు రెండూ బయటికి తీసి, నాన్నా చూడు, నేను జారిపోతాను అని నవ్వింది. ఆయన మొహంలో రంగు పోయింది.

అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తప్పైపోయింది అన్నాను. ఆవిడ నా వంక చూడకుండా, అంత మందం నేనే కుట్టాను కదే అంది.

అయిదో మజిలీ, కొండ మొదలు

రేపు పొద్దున్నే గొలుసు. ఘాట్ రోడ్డు మీద బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి ముడిపడి పరుగెడతాయి. మలుపుల మీద కొండ నీడ పడి బండ్లకి ఎండ అందకుండా పోయేలోపు పైకి చేరాలి కాబట్టి వేగం ఎక్కువ. ఒకసారి కలిశాక పైకి చేరేదాకా ఆగడం లేదు, తప్పుకోవడం లేదు. ముందు ఏ బండికి దెబ్బ తగిలినా వెనకవాళ్ళందరికీ తగులుతుంది.

మధ్యాహ్నమంతా దారి వెతికాం. చొక్కా తీసేద్దామంటే ఆ వేడికి పిల్ల ఒళ్ళు కాగిపోతుంది. నిరుడు చవిటి దిబ్బల దగ్గర చొక్కా విప్పేసిన ఒక బాబు సాయంత్రం చూడలేదు. తన ఒళ్ళో పెట్టుకుంటానంది అత్త. అంటూనే తన చేతుల్లోంచి ఎగిరిపోయిన నీళ్ళ డబ్బా గుర్తొచ్చినట్టుంది, తనే తల అడ్డంగా ఊపుకుంది. చివరికి నాకు ఒకటి తోచింది. నూలు గౌను మీదే పట్టీలు ఒంటికి ఆనేట్టు బిగించి, చొక్కాని పట్టీల పైనుంచి దుప్పటిలా కప్పితే? చలవా తగులుతుంది, పట్టీ కూడా పిల్లనే పట్టుకుంటుంది.

అలాగే చేశాం. పట్టీలు చక్కగా కూర్చున్నాయి, చిటికెకి మడత రాలేదు. ముత్యం చొక్కాని గడ్డం దాకా లాక్కుని హాయిగా ఉందంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఎర్ర లైటు వెలిగింది.

"పాపకు చొక్కా లేదు. బండి కదలదు" అంది బండి.

బకిల్ కింద బొత్తాం ఉండాలి కదా. చొక్కాని మడిచి బొత్తాం ఉన్న ముక్క ఒక్కటీ బకిల్ కిందికి తోద్దామని మా ఆయన చెమటలు కక్కుతూ ప్రయత్నించాడు. అంత మందం అక్కడ దూరలేదు. దూర్చినా పట్టీలు మళ్ళీ వదులే. ఎర్ర లైటున్న బండిని గొలుసులో కలవనివ్వరు. కలవకపోతే ఈ కొండ మొదట్లో, నీళ్ళు లేని చోట, రేపటి ఎండకి నలుగురం మిగలం. ఎటు చూసినా పిల్ల ప్రాణానికే వస్తోంది.

బొత్తాం కొయ్యాలి. ఆ మాట నేనూ అనలేదు, ఆయనా అనలేదు. ముగ్గురం ఆ రాగి బిళ్ళనే చూస్తూ కూర్చున్నాం.

మా ముందు బండి దమయంతిది. ఊళ్ళో మా పక్కిల్లే. ఆమె కొడుకు జోగికి అయిదేళ్ళు, మా ముత్యానికి మొగుడి వరస అని పెద్దవాళ్ళు ఆటపట్టిస్తుంటారు. ముందు ఆమెకి చెప్పాలనిపించి వెళ్ళాను. పిడికిళ్ళు పెట్టి చూపించాను, చొక్కా విప్పి చూడమన్నాను. ఆమె విన్నది, భయపడింది కూడా. కానీ బొత్తాం మాట వినగానే జోగిని దగ్గరికి లాక్కుంది.

"బతికున్న గుంటడికి బొత్తాం కోస్తారేటప్పా? మా అత్త సచ్చిపోతా కుట్టిన బొత్తావది. నా సేత్తో నానెలాగ కోస్తాను? పచ్చ లైటుంది, సాల్లే."

నేనూ కొయ్యలేకే కదా ఆమె దగ్గరికి వచ్చాను. మా వెనక బండి సన్యాసి అనే కుర్రాడిది. పెళ్ళాం పోయింది, చంటి కూతురితో ఒక్కడే వస్తున్నాడు. అతనికి కూడా చెప్పాను. గోళ్ళు కొరుక్కుంటూ విన్నాడు. మీరు కోస్తే నేనూ కోస్తాను అన్నాడు.

తిరిగి వచ్చేసరికి మా అత్త బండి మెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ముత్యం చొక్కా, చేతిలో కత్తెర. మా ఆయన పక్కనే నిలబడి వద్దమ్మా, వద్దమ్మా అంటున్నాడు. ఆవిడ వినిపించుకోవడం లేదు. చుట్టుపక్కల బండ్ల ముసలమ్మలు చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు. ఒకావిడ ముత్యం కళ్ళు మూసింది. ఇంకొకావిడ మా అత్తని తిట్టింది, మనవరాలి ఆయుష్షు కోస్తున్నావని.

"కుట్టింది నాను. ఇప్పడానికి కూడా నాకే అక్కుంది" అంది అత్త. "పాపం తగిల్తే నాకే తగలనీ."

కత్తెర వేసింది. ఆవిడ చెయ్యి వణకలేదు. బొత్తాం చుట్టూ అరచేతంత గుడ్డ కోసింది. చిల్లు లోంచి పూసలు జారి మట్టిలో పడ్డాయి, అవి ఏరుకోవడానికి ముత్యం పరుగెత్తింది. ఆవిడ చిల్లు కుట్టేసి, బొత్తాం ముక్కని ముత్యం నూలు గౌను పొట్ట మీద కుట్టింది. దారం పళ్ళతో కొరికింది.

పిల్లని కూర్చోబెట్టి, పట్టీలు ఒంటికి ఆనించి బిగించి, పైన చొక్కా కప్పాం. పచ్చ వెలిగింది. సన్యాసి మా అత్త చేతిలోంచి కత్తెర అడిగి తీసుకున్నాడు.

ముసలమ్మలు మా బండి వైపు చూడటం మానేశారు. ఇది రాస్తూ మాటిమాటికీ ముత్యం ఊపిరి చూస్తున్నాను. చేసింది మంచో చెడో నాకు తెలియదు. తెల్లవారకూడదనే ఉంది నాకు.

ఆరో మజిలీ, కొండపైన

చెయ్యి నొప్పిగా ఉంది, అయినా నేనే రాస్తాను.

గొలుసు బాగానే మొదలైంది. మలుపుల దగ్గర మా బండి ముక్కు దమయంతి బండి వీపుకి జానెడు దూరంలో ఉంది. వెనకద్దంలోంచి జోగి తల కనబడుతోంది, ఊగుతోంది. ప్రతి మలుపులోనూ వాడి తల ఎంత ఊగుతోందో చూడటం తప్ప నేను వేరే పని చెయ్యలేదు. ముత్యం చొక్కా కప్పుకుని, పట్టీలు పట్టుకుని, కొండల్ని లెక్కపెడుతోంది. దానికి తెలిసిన అంకెలన్నీ అయిపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతోంది.

చరియ ఎక్కడో ముందు విరిగిందట. మాకు చప్పుడు వినబడలేదు. దెబ్బే ముందు వచ్చింది. బండి ముందుకి కుమ్మి ఆగిపోయింది, వెనకనుంచి సన్యాసి బండి వచ్చి గుద్దింది. నా బెల్టు నా గుండెల్ని పిండేసింది. అద్దం పొడైపోయింది. తర్వాత కాసేపు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

నేను వెనక్కి తిరగలేదు. తిరగడానికి ధైర్యం లేకపోయింది. సీటు ఖాళీగా ఉంటుందేమో, ఆ బొత్తాం నేను కోయించాను కదా అని అక్కడే గడ్డకట్టుకుపోయాను. అప్పుడు ముత్యం ఏడ్చింది. కొండ ఎగిరిపోయేట్టు ఏడ్చింది. తిరిగి చూశాను. పట్టీల్లో ఎక్కడ కూర్చోబెట్టానో అక్కడే ఉంది. చొక్కా ఒక్కటీ ఎగిరి ముందు పడింది. భుజాల మీద ఎర్రగా పట్టీల వాతలు తప్ప దాని ఒంటి మీద గీత లేదు. అత్త మోచెయ్యి విరిగింది, ఆ చేత్తోనే పిల్ల మొహం తడుముతోంది.

"పాప భద్రం" అంది బండి.

వెనక బండిలోంచి సన్యాసి కూతురి ఏడుపు వినపడింది. పలచని గొంతు, చంటిపిల్ల ఏడుపు. ఏడు తల్లీ ఏడు అనుకున్నాను. ముందునుంచి మాత్రం ఏ పిల్ల ఏడుపూ వినపడలేదు. గొలుసు పొడుగునా తలుపులు తెరుచుకుంటున్నాయి, బండ్లు ఒకదాని తర్వాత ఒకటి చెబుతున్నాయి. బాబు భద్రం. పాప భద్రం. బాబు భద్రం. అదే గొంతు, అదే మాట, కొండ మలుపు అవతల దాకా.

దమయంతి బండి దగ్గరికి పరుగెత్తాను. జోగి సీట్లో చొక్కా కూర్చుని ఉంది. పట్టీలు భుజాల మీదే ఉన్నాయి, బకిల్ పెట్టే ఉంది, బొత్తాం దాని కిందే ఉంది. పచ్చ లైటు వెలుగుతోంది. జోగి లేడు. దమయంతి ఆ చొక్కాని పట్టుకుని కుదుపుతోంది, జోగీ లే నాన్నా అంటోంది. వాడు ముందు సీటు కింద ముడుచుకుని ఉన్నాడు. మా ఆయన వాణ్ణి బయటికి తీశాడు. ఊపిరి ఉంది. కళ్ళు తెరవలేదు.

మాకంటే ముందున్న బండ్ల సంగతి నేను రాయను. రాయవలసినవాళ్ళు రాస్తారు.

కొండపైవాళ్ళు దిగొచ్చి రాళ్ళు తీయించి మమ్మల్ని పైకి చేర్చారు. ఆసుపత్రి షెడ్డులో జోగిని పడుకోబెట్టారు. ఇంకా కళ్ళు తెరవలేదు. రేపటి దాకా ఏమీ చెప్పలేమన్నారు. షెడ్డు బయట వేపచెట్టు నీడలో మా అత్త కూర్చుంది, విరిగిన చేతికి కట్టు కట్టించుకుని. నిన్న తిట్టిన ముసలమ్మలే మనవల చొక్కాలు పట్టుకుని ఆవిడ ముందు బారు తీరారు. వాళ్ళ చేతులు కొయ్యడానికి రావడం లేదట, నువ్వే కొయ్యమని ఏడుస్తున్నారు. అత్త ఎడమ చేత్తో కోస్తోంది, నేను కుడుతున్నాను. పిల్లల్ని అక్కడే సీట్లలో కూర్చోబెట్టి, నూలు బట్ట మీద పట్టీ బిగించి, చిటికెకి మడత రాకుండా ఎలా చూడాలో వాళ్ళ తల్లులకి చూపిస్తున్నాను. తిరుగు దారి కూడా ఈ కొండ మీదుగానే కదా.

పొద్దు వాలాక దమయంతి వచ్చింది. బారులో నిలబడలేదు, తిన్నగా అత్త ముందుకి వచ్చి కూలబడింది. ఒళ్ళో జోగి చొక్కా, దాని మీద బొత్తాం అలాగే ఉంది. బొత్తాం ఎప్పుడు కోస్తారో ఆ బారులో అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

"ఊపిరుంది పెద్దమ్మా, ఇప్పుడే సూసొచ్చాను" అంది దమయంతి. "ఆడు బతికుండగానే కొయ్యి. రేపు నాను కొయ్యాల్సిన పని రాకూడదు."

ముత్యం బొత్తాం కోసినప్పుడు వణకని అత్త చెయ్యి ఇప్పుడు వణికింది. కత్తెర రెండుసార్లు జారింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి కోశాం. జోగి నూలు చొక్కా ఒకటి దమయంతే తెచ్చింది, బొత్తాం దాని మీద కుట్టాను. కుడుతున్నంతసేపూ ఆమె ఆ చొక్కా అంచు వదల్లేదు. కుట్టడం అయ్యాక దాన్ని తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. వాడి గుండెల మీద పరిచి పక్కనే కూర్చుందట, మా ఆయన చూసి వచ్చి చెప్పాడు.

నేను ఇంకో చొక్కా కుడుతుంటే, ఇవాళ్టి చిట్టా నేను ముగిస్తానని ఆయన పలక తీసుకున్నాడు. తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే "అంతా" అని ఒక్క మాట రాసి ఉంది. రెండో మాట రాయలేదు. నేనూ రాయలేదు.